అంగుళంన్నర కథ

మా ఆఫీసులో డేటాబేసులు చూసుకునే ఒకాయన ఉన్నాడు. అమెరికన్, రిటైర్‌మెంటుకి దగ్గర పడ్డాడు. మాటల్లో ఎప్పుడైనా కార్ల ప్రస్తావన వచ్చిందంటే ఇక ఆయన్ని ఆపడం మన తరం కాదు. మొన్నామధ్య "శనివారం ఖాళీయేనా? కారు ముందు భాగం కిందకి దించుతున్నాను, ఒక చెయ్యి వేస్తావా" అనడిగాడు. నాకు కార్ల గురించి తెలిసింది ఆయిలు మార్పించుకోవడం వరకే. అయినా సరే అన్నాను. ఆ శనివారం గరాజులో నేల మీద పడుకుని నేను విన్న కథే ఈ టపాకి కారణం. తర్వాత ఇంటికొచ్చి దాని వెనక చరిత్ర కాస్త తవ్వాను. తవ్వేకొద్దీ ఇది కార్ల కథ కాదు, మన కథే అనిపించింది.

ఆయన కారు ఎంజీబీ, 1975 మోడల్. రెండు సీట్లు, మడత పెట్టే టాపు, నల్లటి లావుపాటి రబ్బరు మూతి. బంపర్లు పూర్తిగా నల్ల రబ్బరులా కనిపిస్తాయి కాబట్టి ఈ కార్లని 'రబ్బర్ బంపర్' కార్లంటారు. అంతకు ముందు వచ్చినవాటిని 'క్రోమ్ బంపర్' కార్లంటారు. పాత కార్ల ప్రియుల్లో ఇదొక కులవ్యవస్థ లాంటిది. క్రోమ్ బంపర్ వాళ్ళు రబ్బర్ బంపర్ వాళ్ళని కొంచెం చిన్నచూపు చూస్తారు, రేటు కూడా ఆ కార్లకే ఎక్కువ. కారణం మూతి అందం ఒక్కటే కాదు. రబ్బర్ బంపర్ కారు, పాత కారు కన్నా అంగుళం నుంచి అంగుళంన్నర ఎత్తులో నిలబడుతుంది. స్పోర్ట్స్ కారుకి అంగుళంన్నర అంటే పట్టుపంచె మీద గమ్‌బూట్లు వేసుకున్నట్టు.

ఇంతకీ ఆ అంగుళంన్నర ఎవరు పెంచారు, ఎందుకు పెంచారు?

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. ఎంజీ అంటే మోరిస్ గరాజెస్. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్‌డన్ అనే చిన్న ఊళ్ళో 1929 నుంచి వాళ్ళ ఫ్యాక్టరీ. ఎంజీబీ 1962లో వచ్చింది. సిడ్ ఎనెవర్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో తయారైంది. 1798 సీసీ ఇంజను. ఈ ఇంజను మనకి పరాయిదేం కాదండోయ్. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ 'బీ సిరీస్' కుటుంబంలోది. అదే కుటుంబంలోని 1489 సీసీ ఇంజను దశాబ్దాల తరబడి మన అంబాసిడర్‌ని లాగింది. 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో కూడా మొదట పెట్టింది ఆ 1489 సీసీనే. కలెక్టరుగారి తెల్ల అంబాసిడర్, హాలీవుడ్డు హీరోల ఎర్ర స్పోర్ట్స్ కారు, రెండూ దాయాదులన్నమాట :)

ముందు సస్పెన్షన్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. దాని మూలం, తర్వాత మినీ కారుతో పేరు తెచ్చుకున్న అలెక్ ఇసిగోనిస్ వేసిన డిజైను. 1947లో వచ్చిన ఎంజీ వై టైప్‌లో మొదట కనబడింది. చిన్న చిన్న మార్పులతో ఎంజీబీ దాకా నడిచింది. అంటే 1975 కారులో ఉన్నది అప్పటికే ముప్ఫై ఏళ్ళ లెగసీ కోడ్. అది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను, ముందు ముందు అవసరం పడుతుంది.

కారు ముందు భాగం కింద అడ్డంగా ఒక ఉక్కు దూలం ఉంటుంది. దాన్ని క్రాస్‌మెంబర్ అంటారు. అది బాడీకి నాలుగు పెద్ద బోల్టులతో బిగించి ఉంటుంది. ముందు చక్రాల తాలూకు సామాను అంతా దాన్ని పట్టుకునే వేలాడుతుంది. కింద వైపు విష్‌బోన్ అనే చెయ్యి, దాని మీద కాయిల్ స్ప్రింగు, పైన ఒక డాంపరు. ఆ డాంపరు చెయ్యే పై విష్‌బోన్‌గా కూడా పనిచేస్తుంది. ఒకే ఫంక్షను రెండు పనులు చేస్తోందన్నమాట. స్టీరింగు రాక్ కూడా ఈ క్రాస్‌మెంబర్ మీదే కూర్చుంటుంది. వెనక వైపు ఏ హంగూ లేదు. మన లారీలకున్నట్టు కమాన్ కట్టలే.

సరే, ఇప్పుడు అట్లాంటిక్ ఇటువైపు వద్దాం. 1960లలో అమెరికా రోడ్ల మీద ఏడాదికి 50 వేల మంది దాకా చచ్చిపోతుండేవారు. 1965లో రాల్ఫ్ నేడర్ 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' అనే పుస్తకం రాశాడు. అందులో మొదటి అధ్యాయం షెవ్రొలే కోర్వేర్ అనే కారు మీద. ఆయన ఆరోపణల్లో ముఖ్యమైనది: వెనక సస్పెన్షన్ డిజైను వల్ల మలుపుల్లో కారు అదుపు తప్పుతుంది, ముందు వైపు ఒక స్టెబిలైజర్ కడ్డీ పెట్టి ఉంటే చాలావరకు సర్దుకునేది, కానీ ఖర్చు కలిసొస్తుందని కంపెనీ ఆ కడ్డీని మానేసింది అని. (1964 మోడల్‌లో ఆ కడ్డీ పెట్టారు. 1972లో ప్రభుత్వమే చేయించిన పరిశీలనలో కోర్వేర్ ఆనాటి మిగతా కార్ల కన్నా అధ్వాన్నమేమీ కాదని తేలింది. అది వేరే చర్చ.) ఈ కడ్డీ సంగతి మాత్రం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ పుస్తకం, దాని చుట్టూ లేచిన దుమారం వల్ల 1966లో అమెరికాలో వాహన భద్రత చట్టం వచ్చింది. సీటు బెల్టులు, కూలిపోయే స్టీరింగు కాలమ్, ఇలాంటివన్నీ దాని చలవే. ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో చెప్పక్కర్లేదు. ఈ చట్టాన్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. పొద్దున్న నా పిల్లలు స్కూలుకి వెళ్ళేది ఆ చట్టం కడుపున పుట్టిన కార్లలోనే.

కానీ ఆ చట్టం కింద వచ్చిన రూల్సన్నీ ఒకే రకం కాదు. అందులో బంపర్ల రూలు ఒకటి. 1973 మోడల్ కార్ల నుంచి, ముందు బంపరు గంటకి 5 మైళ్ళ వేగంతో గోడకి గుద్దుకున్నా లైట్లు, బ్రేకులు లాంటి భద్రతకి సంబంధించిన భాగాలు చెడిపోకూడదు. మరుసటి ఏడాది నుంచి వెనక బంపరుకి కూడా అదే వేగం. దాంతోపాటు నేల నుంచి 16 నుంచి 20 అంగుళాల ఎత్తులో లోలకంలాంటి దిమ్మతో కొట్టి చూస్తారు. అంటే అన్ని కార్ల బంపర్లూ ఒకే ఎత్తులో ఉండాలి, ఒకదాని బంపరు ఇంకోదాని బంపరుకే తగలాలి. మాట వినడానికి బాగానే ఉంది. కానీ గంటకి 5 మైళ్ళంటే మనిషి చురుగ్గా నడిచే వేగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ వేగంలో ప్రాణాలు పోవు, రిపేరు బిల్లులు వస్తాయి. ఈ రూలు అసలు కాపాడింది మనుషుల్ని కన్నా జేబుల్ని. 1972లో దీనికోసం ప్రత్యేకంగా ఇంకో చట్టం చేశారు. దాని పేరులోనే 'ఖర్చు ఆదా' అనే మాట ఉంది.

ఇక ఆబింగ్‌డన్‌లో పరిస్థితి చూడండి. ఎంజీబీకి అమెరికాయే ప్రాణం, తయారైన కార్లలో పెద్ద వాటా అక్కడికే వెళ్ళేది. ఎంజీబీ నేలకి దగ్గరగా ఉండే కారు. దాని బంపర్లు ఆ ఎత్తుకి అందవు. హెడ్‌లైట్ల ఎత్తు మీద రూలు ఇంకొకటి. 1974లో ముందు తాత్కాలికంగా క్రోమ్ బంపర్ మీదే పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు తగిలించి నెట్టుకొచ్చారు. అది ఎంతోకాలం నడవదని వాళ్ళకీ తెలుసు.

అసలైన పరిష్కారం ఏంటి? కొత్త కారు. నిజానికి ఆబింగ్‌డన్ ఇంజనీర్లు మధ్యలో ఇంజను ఉండే కొత్త కారు ఒకటి గీశారు, ఏడీవో 21 అని. 1970లోనే దాన్ని ఆపేశారు. 1968లో పుట్టిన బ్రిటిష్ లేలండ్ అనే మహా కుటుంబంలో ఎంజీ, ట్రయంఫ్ ఇద్దరూ తోడికోడళ్ళు. కొత్త చీర ట్రయంఫ్‌కి దక్కింది, టీఆర్7 రూపంలో. ఎంజీకి పాత చీరకి అతుకు వేసుకొమ్మన్నారు. పైగా కంపెనీ దివాలా అంచున ఉంది, 1975లో ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది. డబ్బు లేదు, మనుషుల్లేరు, డెడ్‌లైన్ మాత్రం ఉంది. మనకి బాగా తెలిసిన సీనే కదా?

వాళ్ళు చేసిందేంటంటే, లోపల ఉక్కు, పైన పాలీయూరిథేన్‌తో బరువైన బంపర్లు పోతపోశారు. వాటిని కావలసిన ఎత్తుకి చేర్చడానికి కారునే పైకి లేపేశారు! ముందు వైపు క్రాస్‌మెంబర్‌ని మార్చి బాడీ దాని మీద ఇంకాస్త ఎత్తులో కూర్చునేలా చేశారు. వెనక వైపు కమాన్ కట్టల వంపు పెంచారు. 1974 శరదృతువు నుంచి ఈ కార్లు రావడం మొదలైంది. బరువైన బంపర్లు కారు రెండు కొసల్లో వేలాడుతున్నాయి, గరిమనాభి పైకి పోయింది. ఇలాంటప్పుడు మలుపుల్లో కారు పక్కకి ఒరగకుండా ఆపే యాంటీ-రోల్ బార్ అనే కడ్డీ ఇంకా లావుది పెట్టాలి. వాళ్ళు ఖర్చు తగ్గించడానికి రోడ్‌స్టర్‌లో ఉన్న కడ్డీని కూడా తీసేశారు. కావాలంటే విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవాలి.

నేను గుర్తు పెట్టుకోమన్న కడ్డీ ఇదే. కోర్వేర్‌లో ఖర్చు కోసం ఏ కడ్డీ మానేశారని నేడర్ పుస్తకం రాశాడో, ఆ పుస్తకం వల్ల పుట్టిన చట్టాన్ని పాటించే క్రమంలో పదేళ్ళ తర్వాత ఇంకో కంపెనీ అలాంటి కడ్డీనే, అదే ఖర్చు కోసం తీసేసింది. చట్టం బంపరు ఎత్తు కొలిచింది. కారు మలుపు ఎలా తిరుగుతుందో కొలవలేదు. కొలిచేది పాస్ అయింది, కొలవనిది ఫెయిలయింది. టెస్ట్ కేసులు పాస్ చేయించడానికి కోడ్ రాసిన వాళ్ళెవరికైనా ఇది అర్థమవుతుంది.

ఇంకో విచిత్రం. ఎంజీబీలో పైకప్పు ఉన్న జీటీ అని ఒకటుంది. 1974 చివరితో దాన్ని అమెరికాకి పంపడం మానేశారు. దాని వీ8 ఇంజను మోడల్ అయితే అసలు అక్కడ అమ్మకానికే పెట్టలేదు. అయినా ఆ రెండూ కూడా రబ్బరు మూతి తగిలించుకుని, అంగుళంన్నర లేచి నిలబడ్డాయి. ఇంగ్లండు రోడ్ల మీద తిరిగే కారు, తనకి వర్తించని దేశపు చట్టం కోసం మునివేళ్ళ మీద నిలబడిందన్నమాట. రెండు బ్రాంచీలు మెయింటెయిన్ చేసే స్తోమత లేనప్పుడు అందరికీ ఒకటే బిల్డు, అంతే.

ఈ అతుకుని కొంత సరిదిద్దింది 1976లో. 1977 మోడల్‌కి ముందు కడ్డీ తిరిగి వచ్చింది, వెనక కూడా ఒకటి పెట్టారు. ఎత్తు మాత్రం తగ్గలేదు. 1979 సెప్టెంబరులో ఆబింగ్‌డన్‌లో ఎంజీ యాభై ఏళ్ళ పండగ చేసుకున్నారు. ఆ సంబరాలు ముగిసీ ముగియగానే, 10వ తేదీ సోమవారం నాడు ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ప్రకటన. 1980 అక్టోబరులో చివరి ఎంజీబీ బయటికొచ్చింది. మొత్తం మీద 5 లక్షల పైచిలుకు కార్లు. ఆ తర్వాత రెండేళ్ళకి, 1982లో, అమెరికా ప్రభుత్వం బంపరు రూలుని 5 మైళ్ళ నుంచి రెండున్నర మైళ్ళకి సడలించింది. దీన్నేమంటాం? పెళ్ళయ్యాక మంగళవాద్యాలు కూడా కాదు, ఇంకా ఘోరం.

మళ్ళీ గరాజుకి వద్దాం. రబ్బర్ బంపర్ కారుని కిందకి దించడానికి జనం మూడు దారులు వెతుక్కున్నారు.

మొదటిది సులువైంది, చవకది: పొట్టి స్ప్రింగులు వెయ్యడం. (కొంతమంది ఉన్న స్ప్రింగునే గ్రైండరుతో కోసేస్తారు. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామందికి తట్టదు.) స్ప్రింగు ఉండేది విష్‌బోన్ మధ్యలో కాబట్టి అక్కడ అరంగుళం తగ్గిస్తే చక్రం దగ్గర సుమారు అంగుళం తగ్గుతుంది. చూడ్డానికి కారు దిగిపోతుంది, ఫొటోలో బాగుంటుంది. కానీ క్రాస్‌మెంబర్ ఇంకా ఆ పొడుగు బాపతుదే. అది బాడీతోపాటు కిందకి దిగుతుంది, చక్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దాంతో విష్‌బోన్ వాలు మారిపోతుంది. కారు ఒరిగేటప్పుడు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ ఇంకా కిందకి జారిపోతుంది. బరువు కిందకి దిగిందని మనం సంబరపడేలోపు ఆ బిందువు కూడా దిగిపోయి, ఒరగడం అనుకున్నంత తగ్గదు. పైగా గుంటలో పడితే రబ్బరు స్టాపరుకి టక్కున తగులుతుంది, ప్రయాణించాల్సిన దూరం తగ్గింది కదా.

రెండోది, ఇరుసు కొంచెం పైకి జరిపి చేసిన స్టబ్ యాక్సిల్ వేసుకోవడం. విష్‌బోన్ల వాలు చెడకుండా చక్రం బాడీలోకి పైకి వెళ్తుంది. తెలివైన పద్ధతే, ఖర్చెక్కువ.

మూడోది, పాత క్రోమ్ బంపర్ కారు క్రాస్‌మెంబర్ తెచ్చి పెట్టడం. అసలు తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే సరిదిద్దడం. మావాడు ఎంచుకున్నది ఇదే. నేనది వినగానే "ఓహో, రివర్ట్ కొడుతున్నావన్నమాట" అన్నాను. ఆయన నవ్వి, స్టీరింగు రాక్ చూపించాడు. క్రాస్‌మెంబర్ మార్చినప్పుడు ఆబింగ్‌డన్ వాళ్ళు దాని మీద కూర్చునే రాక్ కోణాన్ని కూడా మార్చారు, స్టీరింగు కాలమ్‌ని దానికి తగ్గట్టు పెట్టారు. ఇప్పుడు పాత క్రాస్‌మెంబర్ తెచ్చి పెడితే రాక్ కడ్డీ, కాలమ్ కడ్డీ ఒక వరసలోకి రావు. అలాగే బిగిస్తే మధ్యలో ఉన్న జాయింటు పట్టేస్తుంది. రాక్ కూర్చునే చోటు సవరించాలి. అంటే అతుకు వేసిన తర్వాత ఆ అతుకు మీద ఆధారపడి ఇంకొన్ని పుట్టుకొచ్చాయి. అతుకు విప్పాలంటే వాటి సంగతి కూడా చూడాలి. రివర్ట్ ఎప్పుడూ ఒక్క కమాండు కాదు.

నేను 1999లో ఉద్యోగంలో చేరాను. వైటూకే పుణ్యమా అని మనవాళ్ళు ఇన్ని వేలమంది విమానాలెక్కారు కదా, వాళ్ళలో నేనొకణ్ణి. మేం చేసిందేంటి? తేదీలో సంవత్సరానికి రెండంకెలే ఉన్న చోట, నాలుగంకెలు చెయ్యడానికి టైము లేక, '20 కన్నా తక్కువైతే 2000లు, ఎక్కువైతే 1900లు' అని ఒక కిటికీ పెట్టి వదిలేశాం. టెస్టింగు పాసైంది. క్లయింటు కేకు కోయించాడు. 2020 వచ్చేసరికి ఇలాంటి కిటికీలు కొన్ని మూసుకుపోయి ప్రోగ్రాములు తికమకపడ్డాయి. నేను రాసినవి అప్పటికి ఎక్కడున్నాయో, ఎవరి నెత్తిన పడ్డాయో నాకు తెలీదు. మేం కూడా కారుని అంగుళంన్నర పైకి లేపాం. మేం చేతకానివాళ్ళం కాదు, ఆబింగ్‌డన్ వాళ్ళూ కాదు. అతుకు వెయ్యడం తప్పని నేననను. ఆ టైముకి అది వెయ్యకపోతే అమెరికా మార్కెట్టు పోయేది, ఫ్యాక్టరీ అయిదేళ్ళు ముందే మూతపడేది. కానీ అతుకు వేసిన రోజు, దీన్ని ఎప్పుడు విప్పుతాం అన్న ప్రశ్న ఎవరో ఒకరు కాగితం మీద రాసి పెట్టాలి. మేం రాయలేదు.

పని సాయంత్రానికి అయింది. స్ప్రింగు విప్పేటప్పుడు కింద జాకీ పెట్టి మిల్లీమీటరు మిల్లీమీటరు చొప్పున దించాడు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా వదిలిందంటే మనిషి మిగలడు. నన్ను దూరంగా నిలబడమన్నాడు. తీసిన క్రాస్‌మెంబర్‌ని పారెయ్యకుండా తుడిచి, చీటీ కట్టి, అలమార పైన పెట్టాడు. "అది కూడా చరిత్రే కదా" అన్నాడు. రబ్బరు బంపర్లు మాత్రం మార్చలేదు. ఆ మూతి తనకి అలవాటైపోయిందట.

వారం తర్వాత అలైన్‌మెంటు చేయించి నన్ను ఒక రౌండు తిప్పాడు. మలుపుల్లో తేడా నాలాంటి వాడికి కూడా తెలిసింది. ఒక సిగ్నల్ దగ్గర ఆగాం. పక్కన ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. దాని బంపరు సరిగ్గా నా భుజం ఎత్తులో ఉంది. ఇంటికొచ్చాక వెతికితే తెలిసింది: అమెరికా బంపరు రూలు ప్యాసింజరు కార్లకి మాత్రమే. పికప్పులకి, ఎస్‌యూవీలకి ఆ రోజూ వర్తించలేదు, ఈ రోజూ వర్తించదు. చిన్న కారుని మునివేళ్ళ మీద నిలబెట్టిన రూలు, పెద్ద బండిని వంగమని అడగలేదు.

మీ ప్రాజెక్టుల్లో ఇలాంటి అంగుళంన్నరలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి. ఉంటే, కనీసం చీటీ అయినా కట్టి పెట్టండి.